పదమూడేళ్ళ గీతను ఎవరు గీశారు?

పదవీ విరమణ తరువాత కూడా ఉదయం పూట ఇంటి ముందుగదిలో కొద్దిమంది రోగులను చూడడం నాకు అలవాటు. కొంతకాలం క్రితం ఒక తల్లి తన పదిహేనేళ్ళ కుమారుణ్ణి కడుపునొప్పి అంటూ తీసుకువచ్చింది. పరీక్షించాను, ఏమీ కనబడలేదు. ఆమ్లం తగ్గించే మాత్రలు వ్రాసి పంపాను. పది రోజులకు మళ్ళీ వచ్చారు. అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాను. అంతా సవ్యంగానే ఉంది. మాత్ర మార్చాను. మూడవసారి వచ్చేసరికి బాలుడు మూడు కిలోలు తగ్గాడు. కళ్ళ క్రింద నల్లని చారలు వచ్చాయి. అప్పటికి గాని నాకు స్ఫురించలేదు. తల్లిని కాసేపు వరండాలో కూర్చోమని చెప్పి, "రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నావు నాయనా?" అని అడిగాను. అతడు వెక్కివెక్కి ఏడ్చాడు.

జరిగినది ఇది. ఒక సామాజిక మాధ్యమంలో అమ్మాయి ఫోటోతో ఎవరో పరిచయమయ్యారు. వారం రోజులు తీయగా మాట్లాడి, వీడియో కాల్ చేసి, అతణ్ణి దుస్తులు తీసేలా ప్రేరేపించి దానిని రికార్డు చేశారు. డబ్బు పంపకపోతే నీ స్నేహితులందరికీ పంపుతామన్నారు. బాలుడు నాయనమ్మ ఫోన్ నుండి రెండు వేల రూపాయలు పంపాడు. మరునాడు ఇంకా అడిగారు. అప్పటి నుండి నిద్ర లేదు, తిండి లేదు.

సాయంత్రం తండ్రిని పిలిపించాను. విని చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు ఒక్క మాట అన్నాడు. "పదమూడు నిండాకే ఖాతా పెట్టుకోనిచ్చానండీ డాక్టరు గారూ. రూలు ప్రకారమే చేశాను."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. అంతకు ముందు కూడా ఎందరో తలిదండ్రులు, "మా పాపకు పదమూడు వచ్చాయి, ఇక ఇవ్వవచ్చా?" అని నన్ను అడిగారు. టీకా వయసు అడిగినట్లే అడిగారు. ఈ పదమూడు అనే సంఖ్య వైద్యులు చెప్పినదేనని వారి నమ్మకం. నిజానికి దీని చరిత్ర వేరు. పిల్లల భద్రత కోరే ప్రతి తల్లి, తండ్రి తెలుసుకోవలసిన చరిత్ర అది.

వైద్యంలో వయసులు ఎలా నిర్ణయమవుతాయి?

తట్టు టీకానే తీసుకుందాం. గర్భంలో తల్లి నుండి శిశువుకు సంక్రమించిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలపాటు రక్తంలో ఉంటాయి. అవి ఉన్నంతకాలం టీకాలోని బలహీన వైరస్‌ను అణచివేస్తాయి కనుక టీకా సరిగా పనిచేయదు. మరీ ఆలస్యం చేస్తే టీకా కంటే జబ్బే ముందు వస్తుంది. ఈ రెండింటినీ తూచి, మన దేశంలో తొమ్మిది నెలలు నిండగానే మొదటి మోతాదు ఇస్తున్నాం. ఆ తొమ్మిది వెనుక శిశువు రక్తం ఉంది, వ్యాధి లెక్కలు ఉన్నాయి.

పదమూడు వెనుక అటువంటిది ఏదీ లేదు. దానిని గీసింది అమెరికా చట్టసభ. అది 1998వ సంవత్సరం.

ఒక బేరసారాల కథ

అంతర్జాలం సామాన్యుల ఇళ్ళలోకి ప్రవేశిస్తున్న తొలి రోజులవి. పిల్లల కోసం ఆటలతో, బొమ్మలతో వెబ్‌సైట్లు వెలిశాయి. ఆటలో పాయింట్లు ఇస్తామని ఆశ చూపి, పిల్లల పేర్లు, ఇష్టాయిష్టాలు, ఇంటి వివరాలు రాబట్టి వ్యాపారానికి వాడుకోవడం మొదలైంది. 1996లో 'సెంటర్ ఫర్ మీడియా ఎడ్యుకేషన్' అనే స్వచ్ఛంద సంస్థ దీనిని బయటపెట్టి, 'కిడ్స్‌కామ్' అనే సైటుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ తరువాత కమిషన్ పిల్లల సైట్లు 212 పరిశీలించి, వాటిలో 89 శాతం పిల్లల నుండి వ్యక్తిగత సమాచారం సేకరిస్తున్నాయని 1998 జూన్‌లో చట్టసభకు నివేదించింది. తలిదండ్రుల అదుపునకు ఏదో ఒక వీలు కల్పించినవి పది శాతం కూడా లేవు.

అదే కాలంలో మరొక ప్రయత్నం విఫలమైంది. అసభ్య విషయాలు మైనర్ల కంటబడకుండా 1996లో చేసిన చట్టంలోని ముఖ్య నిబంధనలను, వాక్ స్వాతంత్ర్యానికి భంగమంటూ 1997 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. పిల్లలు ఏమి చూస్తారు, వారితో ఎవరు మాట్లాడతారు అన్న ప్రశ్నలు అలా ప్రక్కకు జరిగాయి. పిల్లల నుండి ఏ సమాచారం సేకరించవచ్చు అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దానిపైనే 1998 అక్టోబరులో 'కోపా' చట్టం వచ్చింది. 2000 ఏప్రిల్ 21 నుండి అమలైంది. పదమూడేళ్ళలోపు పిల్లల వ్యక్తిగత సమాచారం సేకరించాలంటే తలిదండ్రుల అనుమతి తీసుకొని, దానిని నిర్ధారించుకోవాలని దాని సారాంశం.

పదమూడే ఎందుకు? చట్టసభ సభ్యుడు ఎడ్ మార్కీ ఈ రక్షణ పదహారేళ్ళలోపు వారందరికీ ఉండాలని కోరారు. వ్యాపార వర్గాలు ఒప్పుకోలేదు. పౌరహక్కుల సంఘాలకు మరొక సందేహం కలిగింది. పదిహేనేళ్ళ బాలిక తన శరీరం గురించి, గర్భనిరోధం గురించి చదవాలన్నా తలిదండ్రుల అనుమతి కావలసి వస్తుందేమోనని వారు భయపడ్డారు. ఆ సందేహం నిర్హేతుకమని నేను అనను. చివరకు పదమూడు దగ్గర రాజీ కుదిరింది. ఆ చర్చ సమాచార సేకరణ గురించి జరిగింది. పదమూడేళ్ళ పిల్లవాడు అపరిచితుల మధ్య క్షేమంగా ఉండగలడని ఏ వైద్యుడూ, ఏ మానసిక శాస్త్రవేత్తా ధ్రువీకరించలేదు.

గీత దాటించిన చేతులు

అనుమతి సేకరించడం కంపెనీలకు ఖర్చుతో కూడిన పని. అందుచేత చాలా సంస్థలు సులువైన మార్గం ఎంచుకున్నాయి. "పదమూడు నిండనివారికి ప్రవేశం లేదు" అని నిబంధనలలో ఒక వాక్యం వ్రాసి, పుట్టినతేదీ అడిగి ఊరుకున్నాయి. 2004లో హార్వర్డ్ విద్యార్థుల మధ్య మొదలైన ఫేస్‌బుక్, 2006 సెప్టెంబరు 26న పదమూడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ తలుపులు తెరిచింది. తరువాత వచ్చిన మాధ్యమాలలో చాలా భాగం ఆ గడపనే పెట్టుకున్నాయి. అమెరికా చట్టంలోని ఒక సంఖ్య ఆ విధంగా, ఏ చర్చా లేకుండా, మన గుంటూరు, వరంగల్ ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చున్నది.

గడప ఎత్తు తెలిసినప్పుడు దాటడం ఎంతసేపు? 2011లో డానా బాయిడ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అమెరికాలో వేయిమందికి పైగా తలిదండ్రులను ప్రశ్నించారు. పన్నెండేళ్ళ పిల్లలున్న తలిదండ్రులలో సగానికి పైగా తమ బిడ్డకు ఫేస్‌బుక్ ఖాతా ఉందని చెప్పారు. వారిలో అధికులకు ఆ సంగతి మొదటి నుండీ తెలుసు. చాలామంది స్వయంగా ఖాతా తెరిచి ఇచ్చారు. వారు దుర్మార్గులు కారు. బడిలో అందరికీ ఉంది కదా, బంధువులతో మాట్లాడుతుంది కదా అనుకున్నారు. మన దగ్గర జరుగుతున్నదీ అదే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉంది. తప్పుడు పుట్టినతేదీ కూడా పిల్లవాడితోపాటు పెరుగుతుంది. పదేళ్ళ పాపకు పదమూడని వ్రాసి ఖాతా తెరిస్తే, ఆమెకు పదిహేను వచ్చేసరికి ఆ కంపెనీ లెక్కలో పద్ధెనిమిది నిండుతాయి. పిల్లల కోసం పెట్టిన రక్షణలు, అపరిచితుల సందేశాలపై ఆంక్షలు, పెద్దల విషయాలపై అడ్డుతెరలు అన్నీ ఆ రోజుతో తొలగిపోతాయి. ఎన్నో ఇళ్ళలో ఈ గడియను తెలియక తీసింది తలిదండ్రులే.

చట్టం తరువాత ఏడాదికి మెదడు చెప్పినది

విచిత్రమేమంటే, చట్టం వచ్చిన మరుసటి ఏడాదే వైద్యశాస్త్రం ఈ వయసుల గురించి ఒక గొప్ప విషయం కనుగొన్నది. 1999లో జే గీడ్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 145 మంది ఆరోగ్యవంతులైన పిల్లల మెదళ్ళను ఎం.ఆర్.ఐ. ద్వారా, కొందరిలో రెండేళ్ళకొకసారి చిత్రించి ఫలితాలు ప్రకటించారు. మెదడు బాల్యంలోనే పూర్తిగా రూపొందుతుందని మా తరం వైద్యులు చదువుకున్నాం. ఈ చిత్రాలు వేరే మాట చెప్పాయి. మెదడు ముందుభాగంలోని బూడిదరంగు పదార్థం దాదాపు పదకొండు, పన్నెండేళ్ళ వరకు పెరిగి, ఆ తరువాత కత్తిరింపునకు లోనవుతుంది. నిగ్రహం, ముందుచూపు, ఫలితం ఊహించి ఆగడం వంటి పనులు చేసే ఈ ముందుభాగం ఇరవైల మధ్య వరకు పరిపక్వమవుతూనే ఉంటుందని తరువాతి అధ్యయనాలు స్పష్టం చేశాయి. ఆవేశాన్ని, మెప్పుకై తపనను కలిగించే లోపలి భాగాలు మాత్రం యౌవనారంభంలోనే చురుకవుతాయి.

అంటే, పదమూడు ఒక ముగింపు గీత కాదు. పిల్లలకు తోడు ఎక్కువగా కావలసిన దశ అక్కడే మొదలవుతుంది. తలిదండ్రులు మాత్రం సరిగ్గా ఆ రోజునే చేయి వదులుతున్నారు.

గీత దాటిన తరువాతి గాయాలు

2017 నవంబరులో లండన్‌లో పధ్నాలుగేళ్ళ బాలిక ఒకరు ప్రాణం తీసుకున్నారు. ఆమె మరణంపై అయిదేళ్ళకు, 2022 సెప్టెంబరులో, విచారణాధికారి నిర్ణయం వెలువడింది. చివరి ఆరు నెలలలో ఆమె ఇన్‌స్టాగ్రాంలో భద్రపరచిన, మెచ్చిన, పంచుకున్న సుమారు 16,300 అంశాలలో 2,100 కుంగుబాటు, స్వీయహింస, ఆత్మహత్యలకు సంబంధించినవని విచారణలో తేలింది. కుంగుబాటుతో పాటు అంతర్జాల విషయాల దుష్ప్రభావం కూడా ఆమె మరణానికి దోహదం చేసిందని ఆయన నిర్ధారించారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఆన్‌లైన్ భద్రతా చట్టం వచ్చింది. ఆ బాలికకు వయసు నిబంధన వర్తించింది, ఉపయోగపడలేదు.

నా దగ్గరకు వచ్చిన బాలుని వంటి వారి సంగతి కూడా అదే. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. ఒక హెచ్చరిక విడుదల చేసింది. నగ్న చిత్రాలు రాబట్టి డబ్బుకోసం బెదిరించే ముఠాలకు ఒక్క ఏడాదిలో కనీసం 3,000 మంది మైనర్లు గురయ్యారని, వారిలో అధికులు బాలురని, కొందరు ప్రాణాలు తీసుకున్నారని తెలిపింది. ఎక్కువగా గురి అయ్యేది పధ్నాలుగు నుండి పదిహేడేళ్ళ బాలురు. అందరూ గీత దాటినవారే. 'మగపిల్లవాడు, వాడికేమవుతుంది' అనుకునే మన ఇళ్ళకు ఇది తెలియాలి.

మన దేశపు దారి

మన దేశంలో సామాన్యులకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ప్రారంభమైంది. తరువాతి పదేళ్ళు పిల్లలు దానిని చూసింది వీధి మొగలో ఉన్న నెట్‌సెంటరులో. 2000 నాటి ఐ.టి. చట్టంలో పిల్లల గురించి ప్రత్యేక సెక్షన్ లేదు. 2008 సవరణతో 67బి సెక్షన్ చేరి, 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లల లైంగిక చిత్రాలను తయారుచేయడం, పంపడం, వెదకి చూడడం నేరమయ్యాయి. 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమలైంది.

2011లో వచ్చిన నెట్‌సెంటర్ల నియమాలు నాకు ఎప్పుడూ గుర్తుంటాయి. గదుల మధ్య అడ్డుగోడలు నాలుగున్నర అడుగులకు మించరాదు. తలిదండ్రులో సంరక్షకులో వెంట లేనిదే మైనర్లను ఆ అరలలో కూర్చోనివ్వరాదు. చక్కని ఆలోచన. ప్రక్కన పెద్దవారుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయని ఆ నియమం వ్రాసినవారికి తెలుసు. అయితే అప్పటికే పిల్లలు ఆ గదుల నుండి వెళ్ళిపోతున్నారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక అయింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీవీ, ఫోన్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అంతవరకు పిల్లలకు ఫోన్ ఇవ్వని ఇళ్ళలో కూడా ఆ ఏడాది ఇవ్వక తప్పలేదు. దుప్పటి క్రింద వెలిగే ఫోన్‌కు నాలుగున్నర అడుగుల కొలత ఎవరు పెట్టగలరు?

వయసు విషయంలో మన చట్టం అమెరికా దారిలో నడవలేదు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో చేసిన సిఫారసు పంథాలోనే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించింది. వారి సమాచారానికి తలిదండ్రుల అనుమతి కావాలి. వారి ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు గురిపెట్టరాదు. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ముఖ్య బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆస్ట్రేలియా మరొక అడుగు వేసి, 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్ళలోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధించింది. శిక్ష కంపెనీలకే గాని పిల్లలకు, తలిదండ్రులకు లేదు.

పదమూడు, పదహారు, పద్ధెనిమిది. దేశానికొక గీత. ప్రతి గీతా ఎవరో పిల్లలు గాయపడిన తరువాత గీసినదే. చట్టాలు అవసరం. వాటిని స్వాగతిస్తాను. అయితే అర్ధరాత్రి బెదిరింపు సందేశం వచ్చినప్పుడు పిల్లవాడి ప్రక్క గదిలో ఉండేది చట్టం కాదు, మీరు.

తలిదండ్రులకు నా మనవి

ఈ చరిత్ర నుండి, నా అనుభవం నుండి నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది, ఈ రోజే మీ పిల్లల ఖాతాలో పుట్టిన సంవత్సరం చూడండి. తప్పుగా ఉంటే సరిచేయండి. వయసు చాలకపోతే ఖాతా మూసివేయండి. ఖాతాను ప్రైవేటుగా ఉంచి, అపరిచితుల సందేశాలు రాకుండా కలిసి కూర్చొని అమర్చండి.

రెండవది, రాత్రిపూట ఇంటిల్లిపాది ఫోన్లు హాలులో ఛార్జింగుకు పెట్టండి. మీ ఫోన్ కూడా. పదమూడు నుండి పద్ధెనిమిదేళ్ళ వారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలి. నేను విన్న దుర్ఘటనలలో చాలా వరకు అర్ధరాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు జరిగినవే.

మూడవది, ఒక మాట ముందుగానే ఇవ్వండి. "ఏమి జరిగినా నాతో చెప్పు. ముందు సమస్య చూద్దాం. నిన్ను కొట్టను, ఫోన్ లాక్కోను." ఇది గారాబం అనుకోకండి. ఆ బాలుడు నాలుగు వారాలు ఎందుకు చెప్పలేదని తరువాత అడిగాను. "చెబితే నాన్న ఫోన్ పగలగొడతారు, చదువు మాన్పిస్తారు అనుకున్నాను తాతగారూ" అన్నాడు. బెదిరించేవారి అసలు బలం ఆ భయమే. అది లేని ఇంట్లో వారి బెదిరింపు సాగదు.

నాల్గవది, ఆపద వస్తే చేయవలసినవి గుర్తుంచుకోండి. డబ్బు పంపవద్దు, పంపితే ఆగరు. సందేశాలు, ఖాతా పేరు, డబ్బు అడిగిన నంబరు చెరిపివేయవద్దు. ఆ చిత్రాన్ని సాక్ష్యమంటూ బంధువులకో మిత్రులకో పంపవద్దు, అది కూడా నేరమే. ఫోన్‌ను యథాతథంగా పోలీసులకు చూపండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. పిల్లల సహాయానికి 1098, మనోవేదనకు టెలి మానస్ 14416 ఉన్నాయి. పద్ధెనిమిదేళ్ళలోపు తీసిన చిత్రాలు వ్యాపించకుండా 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అందులో చిత్రాన్ని ఎవరికీ పంపనక్కరలేదు. దాని సంఖ్యారూప ముద్ర మాత్రమే వెళుతుంది. దాని ఆధారంగా, అందులో చేరిన మాధ్యమాలు ఆ చిత్రాన్ని గుర్తించి తొలగిస్తాయి.

అయిదవది, వైద్య మిత్రులకు. కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, నిద్రలేమి, బరువు తగ్గడం కనబడితే పిల్లవాణ్ణి ఒంటరిగా ఒకసారి పలకరించండి. నేను రెండుసార్లు మాత్రలు వ్రాశాను, ఒక్కసారి కూడా అడగలేదు. నలభై ఏళ్ళ అనుభవం ఉండీ చేసిన తప్పు అది.

ఆ బాలుని తండ్రి ఆ రాత్రే 1930కి ఫోన్ చేశాడు, మరునాడు పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. రెండు వేలు తిరిగి రాలేదు. ఆ చిత్రం ఇంతవరకు ఎవరికీ చేరినట్లు తెలియదు. ఆరు వారాలకు తల్లి వచ్చి, అబ్బాయి మళ్ళీ రెండు పూటలా అన్నం తింటున్నాడని చెప్పింది. తండ్రి కొడుకు మంచం ప్రక్కనే చాప వేసుకొని కొన్నాళ్ళు పడుకున్నాడట. మాట్లాడింది తక్కువేనట.

(వారి అనుమతితో, గుర్తింపు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి వ్రాశాను.)